అధ్యక్షుడి నల్లజుట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ప్రెస్సులో అందరూ అంటారు. ఉంటుంది మరి. ఇరవై ఆరేళ్ళుగా ఒకే బల్ల ముందు నిలబడి కాగితాలు మడతపెట్టేదానికి కోపం ఇంకెక్కడుంటుంది? కానీ ఆ గురువారం సంగతి చెప్పేటప్పుడు మాత్రం నాకు ముందు నవ్వే వస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్ళు తడుస్తాయి. అది ఆపడం నా వల్ల కాదు, కాబట్టి ఎవరూ పట్టించుకోవద్దు.

మాది పుస్తకాలూ పోస్టర్లూ అచ్చువేసే ప్రెస్సు. ముందు అద్దాల గదిలో యజమాని కూర్చుంటాడు. మధ్య హాల్లో నాలుగు రంగుల పెద్ద మెషీను ఉంటుంది. వెనకగదిలో మేం ఆడవాళ్ళం తొమ్మిదిమంది మడతలు పెట్టి, కుట్టి, అంటిస్తాం. హాలుకీ వెనకగదికీ మధ్య కిటికీ లేని ఓ చిన్న గది ఉంది, అది ఇంకుల గది. పదకొండేళ్ళుగా అందులో ఇంకులు కలిపేది మా అన్నయ్య కూతురు, నా మేనకోడలు. ఏ రంగు చూపించినా డబ్బాల్లోంచి ఇంత ఇంత తీసి, అద్దం పలక మీద కత్తితో నూరి, అచ్చం అదే రంగు తెచ్చి పెడుతుంది. మెషీను మగాళ్ళు దానికి పెట్టిన పేరు బొగ్గు. దాని ముందే, "బొగ్గూ, ఎరుపు పట్రా" అంటారు. అది పట్రా అన్నది పట్టుకెళ్ళి ఇస్తుంది. ఒళ్ళు మండేది నాకు.

మేం ఈ ఊరివాళ్ళమే. మా తాత రోజుల్లో పని వెతుక్కుంటూ వచ్చాం. ఊళ్ళో మిగతావాళ్ళకంటే మేం బాగా నల్లగా ఉంటాం, మా జుట్టు గట్టిగా మెలికలు తిరిగి ఉంటుంది. ఇప్పటికీ మమ్మల్ని "వచ్చినవాళ్ళు" అంటారు. మూడు తరాలు ఇక్కడే పుట్టి ఇక్కడే పోయినా ఇంకా వస్తూనే ఉన్నామన్నట్టు!

మెషీనుకి మూడు ఇనుప మెట్లుంటాయి. అవి ఎక్కితే మెషీను నడిపే మాస్టారు నిలబడే అరుగు. ఆడవాళ్ళు ఎక్కకూడదు. ఎందుకయ్యా అంటే జుట్టు రోలర్లో పడుతుందట. మా మేనకోడలు జుట్టంతా టోపీలోకి దోపుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని పనిచేస్తుంది. మాస్టారి కింద అసిస్టెంటుగా ఉన్న పొడుగాయనకేమో జుట్టు భుజాల దాకా వేలాడుతుంది. ఆ జుట్టుని మాత్రం రోలరు గౌరవిస్తుంది కాబోలు.

మాస్టారు ఆ శనివారం రిటైరవుతున్నారు. ఆ ఉద్యోగం కావాలని మా మేనకోడలు అర్జీ రాసింది. మెషీనులో ఏ మర ఏం చేస్తుందో దానికి కంఠతా వచ్చు. రాత్రివేళ మెషీను పుస్తకం ఇంటికి తెచ్చుకుని చదివేది. యజమాని ఆ కాగితం చూసి, "నీ ఇంకులు నువ్వు కలుపుకో అమ్మాయ్" అని సొరుగులో పడేశాడు. ఉద్యోగం పొడుగాయనదేనని ప్రెస్సంతా తెలుసు. అయినా పద్ధతి ప్రకారం ఉండాలని, మాస్టారికి రెండ్రోజులు సెలవిచ్చి, ఒక పెద్ద పని అతని చేతికి ఒంటరిగా అప్పజెప్పారు. అది చక్కగా చేస్తే సోమవారం నుంచి అతనే మాస్టారు.

ఆ పని ఒక పోస్టరు. ఊళ్ళో క్రీడా సంఘం తరఫున పరుగుపందేలకి వెళ్ళిన ముగ్గురు ఆడపిల్లలు గెలిచి తిరిగొస్తున్నారు. గురువారం సాయంత్రం నాలుగింటికి మైదానంలో సన్మానం. ఆ ముగ్గురిలో మొదట వచ్చిన పిల్ల మా వాళ్ళ పిల్ల! వెనకగదిలో వారం రోజులుగా దాని మాటే. ఆ పిల్ల ఎవరికి ఏమవుతుందో వరసలు కలుపుకుంటూ తొమ్మిదిమందిమీ దానికి పిన్నులమూ అత్తలమూ అయిపోయాం.

పోస్టర్లో ఆ పిల్ల గుండెతో రిబ్బను తెంచుతూ ఎడమవైపు ఉంటుంది. మిగతా ఇద్దరూ కుడివైపు. మొదట వేసిన నమూనాలో అంతే. కానీ క్రీడా సంఘం అధ్యక్షుడికి అది నచ్చలేదట. తన ఫొటో కూడా ఉండాలన్నాడు. ఉంటే మామూలుగా ఉండకూడదు, గెలిచిన పిల్లకి సరిగ్గా నెత్తి మీద, దానికి రెండింతల సైజులో ఉండాలన్నాడు. ఆయన కోరినట్టే పెట్టారు.

ఇక్కడ మా ప్రెస్సులో ఒక అలవాటు గురించి చెప్పాలి. దానికి పేరు "మొహం కడగడం". ఫొటోలో నల్లటి మనిషి ఉంటే, మెషీను మీదున్నవాడు ఆ మొహం వచ్చే చోట ఇంకు తగ్గించేస్తాడు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. నల్లగా వస్తే పోస్టరు మురికిగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. మా వాళ్ళలో ఓ డాక్టరమ్మ ఫొటో, ఓ పాటలమ్మాయి ఫొటో మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. రెండూ కడిగేసిన మొహాలే. పాటలమ్మాయి తల్లి ఆ పోస్టరు చూసి, ఇదెవరి పిల్ల అని అడిగింది.

పొడుగాయన కూడా ఆ పొద్దున అలవాటుగా కడిగాడు. నలుపు తగ్గించాడు, ఎరుపు తగ్గించాడు, పసుపు కూడా తగ్గించాడు. పరీక్ష కదా, శ్రద్ధగా మరికాస్త ఎక్కువే కడిగాడు. భూతద్దం పెట్టి ఆ పిల్ల మొహం ఒక్కటే చూసుకుని, బాగుందని సంతకం చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మూడువేల షీట్లూ దించేశాడు.

ఒంటిగంటన్నరకి అధ్యక్షుడు స్వయంగా వచ్చాడు. వెనకగది తలుపు సందులోంచి నేను అంతా చూశాను. కట్ట మీది షీటు తీసి చేతులు చాచి పట్టుకున్నాడు.

"ఎవరయ్యా ఈ ముసలాడు?" అన్నాడు.

"మీరే సార్," అన్నాడు పొడుగాయన.

 షీటు మీద అధ్యక్షుడి జుట్టు బూడిదరంగులో ఉంది. మీసం అంతకంటే బూడిద. మొహం పిండిబొమ్మలా పాలిపోయింది.

"పొద్దున్నే కూర్చుని రంగు వేయించుకుని మరీ ఫొటో దిగానయ్యా నేను!" అని అరిచాడు ఆయన. అరిచాక, అందరూ విన్నారని తెలిసి మరింత గట్టిగా అరిచాడు. "నాలుగింటికి మైదానమంతా ఇవే అంటించాలి! ఊళ్ళో నన్ను చూసి ఏమనుకుంటారు?"

యజమాని ఒక్క ఉదుటున అద్దాల గదిలోంచి వచ్చాడు. ముందు మైదానానికి సరిపడా మూడువందలు మూడున్నరకల్లా ఇస్తాం, మిగతావి రాత్రిలోగా వేసిస్తాం, మీరు కూర్చోండి, చల్లగా ఏమన్నా తాగండి అని బతిమాలాడు. ఆయన కూర్చోలేదు. మెషీను పక్కనే కాపలా నిలబడ్డాడు.

పొడుగాయన నలుపు పెంచాడు. షీటు తీశాడు. జుట్టు నల్లబడింది. కానీ కింద ఆ పిల్ల మొహం మసిబారింది. ఇతగాడికి అలవాటు చావదుగా, వెంటనే నలుపు తగ్గించాడు. పైన జుట్టు మళ్ళీ బూడిదైంది. ఈసారి భయంతో నల్ల ఇంకు వదిలే మర బాగా తిప్పాడు. కింది పిల్ల మసి, పై అధ్యక్షుడు కూడా మసి.

"నా మొహానికి మసి పూస్తావేంటయ్యా!"

"మీకు నలుపు కావాలన్నారు కదా సార్..."

"నా జుట్టుకి కావాలయ్యా! మొహానికి కాదు. ఆ పిల్లకీ వద్దు!"

మా ఆడవాళ్ళందరం చేతులు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక చచ్చాం. నేను గబగబా ఇంకుల గదిలోకి పరిగెత్తాను. మా మేనకోడలు అద్దం పలక తుడుచుకుంటోంది, ఏమీ జరగనట్టు.

"ఏమే, వింటున్నావా? ఎందుకలా అవుతోంది?"

"ఇంకు చుక్కలు చుక్కలుగా పడదత్తా, నిలువు పట్టీలుగా పడుతుంది. ఒక మర తిప్పితే పైనుంచి కింద దాకా ఒక పట్టీ మొత్తం మారుతుంది. ఆయన ఆ పిల్ల నెత్తి మీద కూర్చుంటానన్నాడుగా, ఇద్దరూ ఒకే పట్టీలో ఉన్నారు. ఆమెని కడిగితే ఆయనా కడుక్కుపోతాడు."

 నాకిక నేల మీద కాళ్ళు ఆగలేదు. "మరి వెళ్ళి చెప్పవే!"

"చెప్తే ఆయన తిప్పుతాడు. పని ఆయనదవుతుంది, ఉద్యోగం కూడా ఆయనదే అవుతుంది." దాని గొంతు మామూలుగానే ఉంది కానీ, తుడిచిన పలకనే మళ్ళీ తుడుస్తోంది. "పదకొండేళ్ళు చెప్పానత్తా. ఇవాళ ఊరుకుంటాను. నువ్వూ ఊరుకో."

నన్ను ఊరుకోమనడం! నేను నోరు కుట్టుకున్నట్టు కూర్చోవడం మా ఆయన కూడా ఎన్నడూ చూడలేదు. అయినా కూర్చున్నాను. గోడ మీద గడియారం రెండు దాటింది, రెండుంబావు అయింది. హాల్లో పాడైన షీట్ల గుట్ట మోకాలెత్తు పెరిగింది. పొద్దున మరలు ఎక్కడున్నాయో రాసుకోలేదట పొడుగాయన, వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు. చొక్కా వీపంతా తడిసిపోయింది పాపం. పాపం అని అప్పుడు అనలేదులెండి.

రెండున్నరకి యజమాని ఇంకుల గది గుమ్మంలోకి వచ్చాడు. ఆ గుమ్మం దగ్గర ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"అమ్మాయ్, సంగతేంటో నీకు తెలుసట. అతనికి కాస్త చెప్పు."

మాలో ఎవరో నోరు జారారు. ఎవరో కాదు, ఒప్పుకుంటాను, నేనే.

"చెప్పను సార్," అంది మా మేనకోడలు. "నేనెక్కి చేస్తాను."

"మెషీనా? జుట్టు..."

అది టోపీ తీసి, ఉన్న జుట్టంతా ఆయనకి చూపించి, మళ్ళీ లోపలికి దోపుకుని, టోపీ చెవుల కిందికి లాక్కుంది.  హాల్లోంచి అధ్యక్షుడి కేక వినబడింది: "ఎవరో ఒకరు ఎక్కండయ్యా! గంటే ఉంది!"

ఎక్కింది. మూడు మెట్లు. నేను లెక్కపెట్టాను. తొమ్మిదిమందిమీ హాల్లోకి వచ్చేశాం, ఎవరూ వద్దనలేదు. "అత్తా, కస్టమరు ఒప్పుకున్న నమూనా పట్టుకుని దీపం కింద నిలబడు," అంది. నిలబడ్డాను. దాని వేళ్ళు మరల మీద చకచకా నడిచాయి. నలుపు కొంచెమే తెరిచింది. ఎరుపు బాగా తెరిచింది, పసుపు తెరిచింది.

"ఎరుపెందుకు? నలుపు కదా కావాల్సింది?" అన్నాడు పొడుగాయన కింద నుంచి.

"నల్లటి ఒళ్ళు నలుపుతో రాదు," అంది అది వెనక్కి తిరక్కుండా. "ఎరుపుతో వస్తుంది, పసుపుతో వస్తుంది. మీరెప్పుడూ మా మొహం సరిగ్గా చూళ్ళేదు."

మెషీను కదిలింది. పది షీట్లు, ఇరవై, ముప్పై. ఒకటి లాగి చూసింది, తల అడ్డంగా ఊపింది. ఎరుపు ఇంకో పావు చుట్టు. నలభయ్యో షీటు లాగి నా పక్కన దీపం కింద పరిచింది.

అయ్యో, ఆ పిల్ల! నుదుటి మీద చెమట మెరుస్తోంది. బుగ్గల్లో వెచ్చటి ఎరుపు. మెడ మీద నరం ఉబ్బి కనిపిస్తోంది, నోరంతా తెరిచి అరుస్తోంది, ఆ అరుపు నాకు వినబడిందంటే నమ్మండి. ఇన్నేళ్ళలో మా ప్రెస్సులోంచి మా మనిషి మొహం మా మనిషి మొహంలా బయటికి రావడం నేను చూడలేదు. మా ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు. ఎవరో ఈల వేశారు. అది కూడా నేనే అంటారు గానీ, కాదు.

పైన అధ్యక్షుడి జుట్టు నిగనిగలాడుతోంది.

"ఇదీ! ఇదీ నేనంటే!" అన్నాడాయన. కింద ఎవరున్నారో ఒక్కసారి కూడా చూడలేదు.

మా ప్రెస్సులో సంతకం లేనిదే మెషీను నడవకూడదు. మంచి షీటు ఏదో తేల్చి దాని మీద సంతకం చేసినవాళ్ళదే ఆ పని. యజమాని కలం తీసి షీటు మీదికి వంగాడు. మా మేనకోడలు మెషీను ఆపే ఎర్ర బటన్ మీద చేయి పెట్టింది.

"సంతకం నాది సార్."

ఆయన గడియారం చూశాడు, అధ్యక్షుణ్ణి చూశాడు, కలం ఇచ్చేశాడు. అది పూర్తి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాలతో. మూడుంబావుకి మూడువందల షీట్లు దిగాయి. తడి ఇంకు చెదరకుండా మధ్య మధ్య పల్చటి కాగితాలు పెట్టి మేమే ఎత్తి అధ్యక్షుడి కారులో పెట్టాం. కారు కదిలింది. మిగిలినవి రెండువేల ఏడువందలు.

యజమాని ముఖం తుడుచుకుని, చాలా సంతోషంగా, అందరూ వినేలా అన్నాడు. "శభాష్ అమ్మాయ్! ఇవాళ్టి నుంచి ఒక ఏర్పాటు చేద్దాం. మాస్టారి ఉద్యోగం ఇతనికి ఎలాగూ అనుకున్నదే. కానీ నల్ల మొహాలున్న పని వచ్చినప్పుడల్లా నిన్ను పిలుస్తాం. నువ్వే ఎక్కి చేద్దువుగాని. ఏమంటావ్?"

పెద్ద వరం ఇచ్చినట్టు నవ్వుతున్నాడు. నా నోట్లోంచి వచ్చేది ఇక్కడ రాయలేను, కానీ అది బయటపడేలోపు మా మేనకోడలే మాట్లాడింది.

"ఆ జుట్టు ఎవరు వేశారు సార్?"

"ఏ జుట్టు?"

"అధ్యక్షుడిగారి జుట్టు. ఆయన నల్ల మొహం కాదుగా. ఇద్దరూ ఒకే పట్టీలో ఉన్నారు. ఏ మొహం కోసి నాకిస్తారు, ఏ మొహం కోసి మీ అసిస్టెంటుకిస్తారు?"

యజమాని షీటు మీది రెండు మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"మొత్తం షీటు అయితే నాది. లేకపోతే మిగతావి ఆయనతోనే వేయించండి." అని, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది.  పట్టుకున్నదాన్ని వదిలేస్తోంది ఈ పిచ్చిపిల్ల, ఒక్క మెట్టు ఆగవే, ఆగు అని లోపల లోపల మొత్తుకున్నాను.

యజమాని పొడుగాయన వంక తిరిగాడు. "మరలు ఎలాగూ సరిచేసి ఉన్నాయి. నడిపించెయ్."

పొడుగాయన మెషీను వైపు చూశాడు. పాడైన షీట్ల గుట్ట వైపు చూశాడు. అబద్ధం ఆడదామా అని అతని మొహంలో కనిపించింది, తర్వాత అది పోయింది.

"నావల్ల కాదు సార్," అన్నాడు. "నడిచేకొద్దీ ఇంకు మారుతుంటుంది. అది ఎటు పోతోందో ఈమెకి కనబడుతుంది. నాకు కనబడదు."

అతని మీద నాకున్న కోపంలో సగం అక్కడికక్కడే పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

 మా మేనకోడలు నడిమి మెట్టు మీదే నిలబడి ఉంది, పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. యజమాని జేబులోంచి చేతిగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు.

"సరే. మాస్టారు నువ్వే. సోమవారం నుంచి. ఇక ఎక్కు."

"రాసివ్వండి సార్."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"పదకొండేళ్ళుగా నమ్మాను సార్."

ఆయన తెల్లకాగితం తెప్పించి, నా మడతల బల్ల మీదే పెట్టుకుని నాలుగు వాక్యాలు రాశాడు. పేరు రాయబోయి ఆగాడు. కలం గాల్లో నిలిచిపోయింది. పదకొండేళ్ళు జీతం ఇచ్చిన మనిషి పేరు ఆయనకి గుర్తు రాలేదు. దీపం కింద ఆరుతున్న షీటు తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాని మీది సంతకం చూసి, అక్షరం అక్షరం రాసుకున్నాడు.

మా మేనకోడలి చేతులు రెండూ ఇంకుతో నిండి ఉన్నాయి. కాగితం ముట్టుకోలేదు. "అత్తా, నువ్వు చదువు," అంది.

నేను చదివాను. మొదట మామూలుగానే మొదలుపెట్టాను. మెషీను విభాగం మాస్టారుగా అని ఉంది, సోమవారం నుంచి అని ఉంది, తర్వాత దాని పేరు, మా అన్నయ్య పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. అక్కడ ఆగి ఆ పేరు ఇంకోసారి చూసుకున్నాను. మళ్ళీ మొదట్నుంచి చదివాను, ఈసారి అద్దాల గది దాకా వినబడేలా. అప్పుడు అది పైకెక్కి మెషీను నడిపే బటన్ నొక్కింది.